డార్క్ అయితే పర్వాలేదన్నాను

కిందటేడు సంక్రాంతి వెళ్ళాక, మిరపకోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చారు. గుంటూరు జిల్లా ప్రత్తిపాడు పక్క పల్లెలో మూడెకరాల మిరప, రెండెకరాల పత్తి చేసే రైతు. అరవై దాటాయి. ఎనిమిదేళ్ళుగా చక్కెర వ్యాధి. మందుల చీటీ రాయించుకుని వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "డాక్టరుగారూ, మావాడు అమెరికా నుంచి చాక్లెట్లు తెచ్చాడండీ. నేను తినొచ్చా?" అని అడిగారు. బయట వరసలో నలభైమంది ఉన్నారు. "డార్క్ అయితే పర్వాలేదు బాబాయ్" అన్నాను, చీటీ మీంచి తల ఎత్తకుండానే.

నాలుగు నెలలకి మళ్ళీ వచ్చారు. ఈసారి కాలి చిటికెనవేలు నల్లబడి ఉంది. చేలో పత్తికట్టె మోడు గుచ్చుకుందట. నొప్పి తెలియలేదు కనుక పట్టించుకోలేదట. చక్కెర వ్యాధి ముదిరితే పాదాల్లో స్పర్శ పోతుందని మీకు చాలాసార్లు చెప్పాను. మూడు నెలల సగటు చక్కెర చెప్పే పరీక్షలో అంతకు ముందు 7.2 ఉండేది, ఇప్పుడు 10.6 ఉంది. "బిళ్ళలు వాడటం లేదా?" అని కసిరాను. ఆయన నా వంక ఆశ్చర్యంగా చూశారు. "మీరే గదండీ చెప్పింది, డార్క్ చాక్లెట్ షుగరుకి మంచిదని! రాత్రి బిళ్ళ బదులు అదే తింటన్నా" అన్నారు.

నేనన్నది "పర్వాలేదు". అది బస్సెక్కి ఊరు చేరేసరికి "మంచిది" అయింది. ఇంట్లోకి వెళ్ళేసరికి "మందు" అయింది. తప్పు ఆయనదని అనగలనా? గుంటూరు పంపించాను. వేలు తీసేయక తప్పలేదు.

ప్రతివారం ఈ శీర్షికలో మీకు జాగ్రత్తలు చెప్పే నేను, ఈ వారం నా అజాగ్రత్త చెప్పుకుంటున్నాను. నిజానికి చాక్లెట్ గురించి నాకు తెలిసిందల్లా పత్రికల్లో చదివిందే. 2024 డిసెంబరులో అమెరికా పరిశోధకుల నివేదిక ఒకటి వచ్చింది. వారానికి ఐదుసార్లయినా డార్క్ చాక్లెట్ తినేవాళ్ళకి మధుమేహం వచ్చే అవకాశం 21 శాతం తక్కువగా కనబడిందని. ఆ వార్త నా బుర్రలో ఎక్కడో ఉంది. అదే నోటి చివరికి వచ్చింది.

మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది. వేలు సంగతి విని, "నాన్నా, అలా బాధపడుతూ కూర్చోకపోతే, అసలు చాక్లెట్ ఎలా చేస్తారో ఒకసారి చూద్దురుగాని రండి" అంది. బంజారాహిల్స్‌లో 2023లో తెరిచిన 'మనం చాక్లెట్' కార్ఖానాకి తీసుకుపోయింది. కోకో గింజ దగ్గర్నుంచి చాక్లెట్ దాకా తామే చేసే చోటు అది. ఆ గింజలు ఎక్కడివో అనుకునేరు, మన పశ్చిమగోదావరి ప్రాంతానివే! అక్కడ కొబ్బరితోటల్లోనూ పామాయిల్ తోటల్లోనూ నీడపట్టున అంతరపంటగా కోకో వేస్తున్నారు. దేశంలో కోకో ఎక్కువగా పండించే రాష్ట్రాల్లో మనది ముందుంది. 2024లో 'టైమ్' పత్రిక ప్రపంచంలో చూడదగ్గ స్థలాల జాబితాలో ఈ కార్ఖానాని చేర్చిందని మా అమ్మాయి దారిపొడుగునా చెబుతూనే ఉంది.

నాకూ చక్కెర వ్యాధి ఉందండీ, ఆరేళ్ళ నుంచి. అంచేత జేబులో గ్లూకోమీటరు పెట్టుకుని మరీ వెళ్ళాను. లోపలికి పోయేముందు వేలు గుచ్చి చూసుకున్నాను. 132.

నేను ప్రత్తిపాడు వాణ్ణి. పేరులోనే ప్రత్తి ఉన్న ఊళ్ళో, మిరపకల్లాల మధ్య పెరిగినవాణ్ణి. కాబట్టి ఆ కార్ఖానాలో నాకు కొత్తగా కనబడింది తక్కువ, తెలిసినట్టనిపించింది ఎక్కువ. కోకోకాయ చెట్టు మానుకే కాస్తుంది. పగలగొడితే లోపల సీతాఫలంలో ఉన్నట్టు తెల్లని గుజ్జు, అందులో ముప్ఫై నలభై గింజలు. గుజ్జుతో సహా చెక్కపెట్టెల్లో పోసి ఐదారు రోజులు పులియబెడతారు. ఆ కుప్ప దానంతట అదే 45, 50 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. తర్వాత ఎండబోస్తారు. తేమ ఏడు శాతానికి దిగాలి. దిగకుండా బస్తాకెత్తితే బూజు. మన కల్లాల్లో పచ్చి ఆరని మిరపకాయ ముట్టెలో ఏమవుతుందో మీకు చెప్పాలా? బూజుతో పుట్టే విషాలు కాలేయాన్ని దెబ్బతీస్తాయి, మిరపకైనా వేరుశనక్కైనా ఇదే కథ. మనం తాలుకాయ ఏరినట్టే వాళ్ళూ కూర్చుని చెడ్డ గింజ ఏరేస్తారు. గింజని నిలువునా కోసి లోపలి రంగు చూసి పులిసిందీ లేనిదీ చెబుతారు. యార్డులో దళారీ గుప్పెడు కాయలు తీసి విరిచి చూసే చూపే అది.

ఇంకో తమాషా. మన మిరపా ఈ కోకో ఒకే వైపు నుంచి వచ్చినవి, రెండిటి పుట్టిల్లూ అమెరికా ఖండాలే. మెక్సికో ప్రాంతపు పాతకాలం వాళ్ళు కోకోని నూరి, మిరప కూడా కలిపి పానీయంగా తాగేవాళ్ళు. పంచదార వేయడం తర్వాత ఐరోపావాళ్ళు నేర్పిన విద్య. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

గింజల్ని వేయించి, పగలగొట్టి, గాలితో పొట్టు ఎగరగొడతారు. అచ్చంగా తూర్పారబట్టడమే. మిగిలిన పలుకుల్ని రాతి రుబ్బురోట్లో గంటల తరబడి, ఒక్కోసారి రెండు మూడు రోజులు రుబ్బుతారు. ఆ యంత్రాన్ని చూసి నవ్వొచ్చింది. ఇడ్లీపిండి వెట్ గ్రైండరుకి పెద్దన్న! దేశదేశాల్లో చిన్న తరహా చాక్లెట్ తయారీదారులు చాలామంది మొదట్లో మన వెట్ గ్రైండర్లనే మార్చి వాడుకున్నారట. గింజలో సగం కొవ్వే, అంచేత నీళ్ళు పోయకుండానే రుబ్బేకొద్దీ జారుగా అవుతుంది. ఆ కొవ్వు మన ఒంటి వేడికి కాస్త ఇవతలగా, 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నోట్లో వేసుకోగానే కరిగిపోయేది అందుకే. మా ఊళ్ళో మేనెలలో అయితే నోటిదాకా రానక్కర్లేదు, కాగితంలోనే కరుగుతుంది.

నేను వెళ్ళింది మాత్రం రుబ్బురోట్లో ఇంకేం వేస్తారో చూద్దామని. పంచదార వేస్తారు. "డెబ్భై శాతం" అంటే ఏమిటని అక్కడి అమ్మాయిని అడిగాను. "నూటికి డెబ్భై వంతులు కోకో, కోకో కొవ్వుతో కలిపి. మిగతా ముప్ఫై పంచదారేనండీ" అంది. ఎంత తేలిగ్గా చెప్పేసిందో! నా ముప్ఫై ఏళ్ళ డాక్టరీలో ఒక్క పేషెంటుకీ నేనీ లెక్క చెప్పలేదు. ఆ శాతం మందు బలం కాదు. యాభై గ్రాముల డెబ్భైశాతం బారు తింటే పదిహేను గ్రాముల పంచదార, అంటే చిన్న చెంచాతో మూడు పైన. కేలరీలు 270కి తక్కువుండవు, ఐదు ఇడ్లీల పెట్టు. పాలచాక్లెట్‌లో చాలావాటిలో సగం బరువు పంచదారే. తెల్లచాక్లెట్‌లో కోకో కొవ్వు, పాలపొడి, పంచదార తప్ప గింజలోని నల్లభాగం అసలుండదు.

రుచి చూడమని చిన్నచిన్న ముక్కలు పెట్టారు. గబుక్కున నమలొద్దు, నాలుక మీద పెట్టి కరగనివ్వమన్నారు. మొదట చేదు, తర్వాత పులుపు, ఆఖర్న ఎండుద్రాక్ష లాంటిదేదో తెలిసింది. పంచదార తక్కువైతేనే ఆ రుచులు బయటికొస్తాయి. అన్నీ కలిపి పదిహేను గ్రాములు తినుంటాను. ఇంకా తినాలనిపించింది, అబద్ధమాడను. రెండు గంటల తర్వాత మీటరు 164 చూపింది. మధ్యాహ్నం బిళ్ళ వేసుకునే ఉన్నాను సుమా! మందుకి బదులు పనిచేసేదైతే అంకె కిందికి దిగాలి కదా. నా ఒక్కడి వేలిలోంచి తీసిన ఒక్క రక్తపుబొట్టు రుజువు కాదని నాకూ తెలుసు. రుజువులు వేరే ఉన్నాయి, వినండి.

కోకోగింజలో ఫ్లావనాల్స్ అనే పదార్థాలున్నాయి. ఇవి రక్తనాళాల్ని కొంచెం సడలిస్తాయి. అంతవరకు నిజం. 2017లో అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కూడగట్టి చూస్తే, రక్తపోటు తగ్గేది రెండు పాయింట్ల లోపు. మీ బీపీ బిళ్ళ మానేయడానికి అది చాలుతుందా? 2022లో అమెరికాలో 21 వేలమంది పెద్దవాళ్ళ మీద జరిగిన పరీక్ష ఫలితం వచ్చింది. అందులో ఇచ్చింది చాక్లెట్ కాదు, కోకోసారం గొట్టాలు, రోజుకి 500 మిల్లీగ్రాముల ఫ్లావనాల్స్. గుండెజబ్బు మరణాలు కొంత తగ్గినట్టు కనబడినా, గుండెపోటు, పక్షవాతం వగైరా అన్నీ కలిపి చూస్తే గట్టిగా తగ్గాయని చెప్పడానికి వీల్లేకపోయింది. మధుమేహం రాకుండా ఆపిందా అని అదే పరీక్షలో తర్వాత చూశారు. ఆపలేదు. ఇక నా బుర్రలో తిష్ఠవేసిన ఆ 21 శాతం వార్త, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని ఏళ్ళ తరబడి ఏం తింటున్నారో అడిగి చూసింది. డార్క్ చాక్లెట్ ఎంచుకుని తినేవాళ్ళు నడకా, కూరగాయలూ, బరువూ అన్నిట్లోనూ జాగ్రత్తపరులై ఉండొచ్చు. లెక్కల్లో సర్దుబాటు చేస్తారు గానీ పూర్తిగా కుదరదు. పైగా అది జబ్బు రాని వాళ్ళ మాట. వచ్చినవాళ్ళు మందు మానొచ్చని అందులో ఒక్క ముక్క లేదు.

ఆ ఫ్లావనాల్సే చేదుగా ఉండేవి. పులియబెట్టినప్పుడు కొంత, వేయించినప్పుడు కొంత పోతాయి. చేదు తగ్గించి రంగు పెంచడానికి కోకోపొడిని క్షారంతో శుద్ధిచేస్తే ఇంకా ఎక్కువ పోతాయి. అంచేత నల్లగా ఉన్నంత మాత్రాన అవి ఉన్నట్టు కాదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. చక్కెర బిళ్ళలో ఇన్సులినో వాడేవాళ్ళకి ఒక్కోసారి చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, మాట తడబడటం. ఎండలో మిరపకాయలు కోస్తూ అన్నం ఆలస్యమైనవాళ్ళని ఇలా మంచాల మీద తెస్తుంటారు. ఇంట్లోవాళ్ళు కంగారుగా పిల్లల చాక్లెట్ నోట్లో పెడతారు. పెట్టొద్దు! చాక్లెట్‌లోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. అప్పుడు కావలసింది నిమిషాల్లో చేరేది. మూడు చెంచాల పంచదార గానీ గ్లూకోజు గానీ అరగ్లాసు నీళ్ళలో కలిపి తాగించండి. పావుగంటకి తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక అన్నం పెట్టండి. స్పృహ లేనివాళ్ళ నోట్లో మాత్రం ఏమీ పొయ్యకుండా ఆసుపత్రికి తీసుకురండి.

మూత్రపిండాల్లో రాళ్ళు వచ్చిపోయినవాళ్ళు డార్క్ చాక్లెట్‌కి దూరంగా ఉంటే మేలు. కోకోలో ఆక్సలేట్లు ఎక్కువ, మన ఎండల్లో నీళ్ళు తక్కువ తాగే అలవాటు దానికి తోడు. రక్తహీనతకి ఐరన్ బిళ్ళలు వాడే ఆడవాళ్ళు అన్నంతోపాటు కోకో పుచ్చుకోవద్దు, టీకి చెప్పినట్టే. ఐరన్ ఒంటికి పట్టనివ్వవు. 2022లో అమెరికా వినియోగదారుల పత్రిక ఒకటి 28 రకాల డార్క్ చాక్లెట్లు పరీక్ష చేయిస్తే అన్నిట్లోనూ సీసం, కాడ్మియం కనబడ్డాయి. అప్పుడప్పుడు ఒక ముక్కతో భయం లేదు. గర్భిణులకీ పసిపిల్లలకీ మాత్రం "బలానికి" అని రోజూ పెట్టకండి. మరి ఎవరు తినొచ్చు? చక్కెర అదుపులో ఉన్నవాళ్ళు భోజనమయ్యాక ఒకటి రెండు చిన్న ముక్కలు, పది గ్రాములు, అదీ మందులు వేసుకుంటూనే. నేనిప్పుడు ఆదివారం పూట అంతే తింటున్నాను.

పెద్దాయన వేలు పుండు మానింది. కిందటి వారం కట్టు మార్చడానికి వచ్చినప్పుడు హైదరాబాదులో చూసిందంతా చెప్పి, "ఆరోజు నేను సరిగా చెప్పలేదు బాబాయ్, పొరపాటు నాదే" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత సంచీలోంచి సగం తిన్న బారు తీసి బల్ల మీద పెట్టారు. "వీటిని ఏం చెయ్యమంటారు, ఇంకా ఆరున్నాయి" అన్నారు. అట్ట తిప్పి చూశాం. దేని బరువెక్కువైతే దాని పేరు ముందు రాస్తారని చెప్పాను. అక్షరాలు ఇంగ్లీషువి, ఆయనకి రావు. మొదటి మాట మీద వేలు పెట్టి "ఇదేందండీ?" అని అడిగారు. పంచదార అన్నాను.