మడతబందు దగ్గరి నెర్రె

విజయవాడలో బందరు రోడ్డు వెంట తూర్పునకు సాగి ఆటోనగరు వైపు మరలినవారికి మొదట ఎదురగునది శబ్దము. లారీల బాడీలు కట్టువారు, కమానుకట్టలు మార్చువారు, రేడియేటర్లకు మాట్లు వేయువారు, లేతు మీద ఇరుసులు చెక్కువారు తమతమ పనులలో నిమగ్నులై యుండగా, సమ్మెట దెబ్బలును గ్రైండరు రొదయును హారనుల మ్రోతయును ఏకమై, ప్రక్కనున్నవాని మాట వినవలెనన్నను చెవియొగ్గవలసివచ్చును. కోస్తా జిల్లాల రహదారులపై తిరుగు లారీలు ఎన్నియో ఇక్కడనే రూపు దిద్దుకొన్నవి. అంతటి వాహనముల నడుమ, మడిచి చంకబెట్టుకొనదగిన యొక చిన్న సైకిలును పట్టుకొని పోవుట చూచువారికి వింతగా దోచియుండవచ్చును. కాని లోహము ఏల విరుగునో ఎరిగినవారు ఎక్కడ నుందురో అక్కడికే పోవలెను.

సైకిలు మా అక్కయ్య కుమారునిది. అతడు గుడివాడనుండి ప్రతిదినము రైలులో విజయవాడకు వచ్చి, స్టేషనునుండి నగరపు మరియొక కొననున్న కళాశాలకు చేరవలసినవాడు. రైలుపెట్టెలో తలుపు ప్రక్కన మూలగా నిలుపుకొని, దిగినంతనే విప్పుకొని పోవచ్చునని మడత సైకిలుపై మనసుపడి, క్రొత్తది కొనుటకు తాహతు చాలక, ప్రకటన చూచి హైదరాబాదులో నొక ఉద్యోగి వాడిన సైకిలును కొనెను. “రంగు కాస్త గీచుకుపోయింది, అంతకుమించి ఏమీ లేదు” అని అమ్మినవారు చెప్పిరట. కొన్ని వారములు గడచినపిమ్మట, ఎత్తు ఎక్కునపుడు నడిమి మడతబందు దగ్గర కిర్రుమను ధ్వని పుట్టసాగెను. నూనె వేసినను అది మానలేదు. బందు బిగించినను మానలేదు. “మామయ్యా, ఒకసారి ఎవరికైనా చూపిద్దామా?” అని అతడడిగినపుడు నాకు స్ఫురించినవారు ఆటోనగరులోని యీ వృద్ధ మేస్త్రీగారు.

ఆయన రాయనపాడు రైల్వే వ్యాగను వర్కుషాపులో చిరకాలము పనిచేసి విరమించినవాడు. రేకులషెడ్డులో ముందుభాగమున కుమారుడు లారీల ఛాసిస్ పనులు చేయించుచుండగా, వెనుకభాగమున వేపచెట్టు నీడలో ఆయనకొక బెంచియు, దానికి బిగించిన వైసును, గోడకు వరుసగా వ్రేలాడు ఆకురాళ్లును, గ్యాసు వెల్డింగు సరంజామాయు కలవు. పాత సైకిళ్ల ఫ్రేములు కొన్ని మూలకు ఆనించి యుండెను. బెంచిపై పనిముట్టు ఏదియు అడ్డదిడ్డముగ పడియుండలేదు. వాడినదానిని గుడ్డతో తుడిచి యథాస్థానమున నుంచిన తరువాతనే రెండవదానిని చేతికి తీసికొనుట ఆయన యలవాటు. రైల్వేలో అలవడిన యీ క్రమశిక్షణ ఆ ప్రదేశమంతకును ఒక గౌరవమును కలిగించినట్లు నాకు దోచినది.

“ముందు ఇది ఇనుమా, అల్యూమినియమా చూద్దాం మేష్టారూ” అని ఆయన ఒక అయస్కాంతపు ముక్కను ఫ్రేముకు తాకించెను. అది అంటలేదు. తరువాత సైకిలును విప్పి నిలిపి, ముందు బ్రేకు బిగబట్టి, ముందునకును వెనుకకును ఊపుచు మడతబందు మీద వ్రేలుంచి కదలికను పరీక్షించెను. తలపైపు నుండి వెనుక చక్రపు ఇరుసు పట్టువరకు ఇరువైపులను దారము బిగించి, సీటుపైపు నుండి ఆ దారమునకుగల ఎడమును కొలిచెను. రెండు ప్రక్కలను సమానముగనే యుండుటచే ఫ్రేము వంగలేదని తేలెను. నేను కొంత ఊరట చెందితిని. ఆయన మాత్రము సైకిలును తలక్రిందులుగ త్రిప్పి, నడిమి పైపు అడుగున బందును ఆనుకొని యంటించిన యొక స్టిక్కరును చూచి, “ఇక్కడెందుకు అంటించారో!” అని గోటితో మెల్లగా ఒలిచెను. దాని క్రింద రంగుపై వెండ్రుక వంటి గీత కలదు.

అది రంగులోని గీతయా, లోహములోని పగులా యని నిర్ణయించుటకు ఆయన అవలంబించిన పద్ధతి రైల్వే కర్మాగారములలో ఇరుసుల పరీక్షకు తాతల కాలమునాడు వాడినదే. ఆ భాగమున రంగు గీకి, కిరోసిన్ పూసి, అది లోనికి ఇంకునట్లు కొంతసేపు విడిచి, పొడిగుడ్డతో తుడిచి శుభ్రపరచి, పైన సుద్దపొడిని స్పిరిటులో కలిపి పలుచగా పూత వేసెను. పూత ఆరి తెల్లబడినది. పిమ్మట పైపును చేతిసుత్తితో సుతారముగ తట్టుచుండగా, పగులులో దాగిన కిరోసిన్ మెల్లమెల్లగా పైకూరి, తెల్లని సుద్దపై బొటనవ్రేలి వెడల్పున నల్లని రేఖ తేలెను. మేనల్లుడు నోట మాట లేక చూచుచుండెను. “ఇనప ఫ్రేముకి పగులొస్తే తుప్పు కారి చాడీ చెప్పుద్ది బాబూ. అల్యూమినియం నోరు మెదపదు” అని మేస్త్రీగారు అతనితో ననెను. ఈ కాలమున ఎర్రని ద్రవమును తెల్లని డెవలపరును డబ్బాలలో దొరకుచున్నవనియు, సూత్రము మాత్రము ఇదియేననియు ఆయన చెప్పెను.

లోహము ఒక్క పెద్ద దెబ్బకే విరుగునని లోకము తలచును. ఏ ఒక్కసారియు విరువజాలని చిన్న భారమే లక్షలకొలది మారులు పడి పడి, అతుకు అంచుననో గీత మూలముననో సూక్ష్మమైన చీలికను పుట్టించి, దానిని దినదినము పెంచి, తుదకు హఠాత్తుగ త్రుంచునని మానవుడు నేర్చుటకు ఎన్నో ప్రాణములు బలియైనవి. 1842లో ఫ్రాన్సు దేశమున వెర్సాయి నుండి పారిసుకు వచ్చు రైలు ఇంజను ఇరుసు విరిగి, పెట్టెలు మంటలపాలై 50 మందికి పైగా మరణించిరి. తదనంతరము జర్మనీలో ఆగస్టు వోలర్ అను రైల్వే ఇంజనీరు ఇరుసులను యంత్రములపై త్రిప్పి త్రిప్పి, ఎంత భారమునకు ఎన్ని ఆవర్తనములలో విరుగునో సంవత్సరముల తరబడి పరీక్షించి ఈ శాస్త్రమునకు పునాది వేసెను. ఉక్కునకు ఒక హద్దు కలదని, ఆ హద్దునకు లోబడిన భారమును అది ఎన్ని మారులైనను మోయగలదని ఆయన పరిశోధనలవలన తేలినది. అల్యూమినియమునకు అట్టి స్పష్టమైన హద్దు లేదు. స్వల్పభారము సైతము దాని యాయుర్దాయమునుండి కొంత కొంతగ హరించుచునే యుండును. 1954లో రెండు కామెట్ జెట్ విమానములు మధ్యధరా సముద్రముపై ఆకాశముననే పగిలిపోయినపుడు, వాటి అల్యూమినియపు దేహమున ఇట్లు మారుమారు భారముచే కలిగిన లోహపు అలసటయే కారణమని నీటితొట్టిలో జరిపిన పరీక్షలు వెల్లడించినవి. రాయనపాడులో వ్యాగనుల ఇరుసులను చూచిన కన్నులతోనే మేస్త్రీగారు ఈ చిన్న పైపును చూచుచున్నారని నేను గ్రహించితిని.

మడత సైకిలుకు ఈ ప్రమాదము అధికమగుటకు దాని నిర్మాణమే హేతువు. సాధారణమైన సైకిలులో పైపులు త్రికోణములుగ కూడియుండి భారమును పంచుకొనును. మడతసైకిళ్లలో బహుళముగ కనవచ్చు తీరున తలపైపునకును సీటుపైపునకును నడుమ ఒక్క లావుపాటి దూలమే యుండును. దానిని సరిగా నడుమ ఖండించి బందు అమర్తురు. మనిషి కూర్చుండగనే ఆ దూలము అడుగుభాగము సాగదీయబడును. చక్రములు చిన్నవగుటచే హ్యాండిలు కడ్డీయు సీటు కడ్డీయు మిక్కిలి పొడవుగ నుండవలసివచ్చి, అవి సన్నకోలవలె బలమును హెచ్చించి కీళ్లపై మోపును. ఇక బందు దళసరి లోహము. పైపు పలుచని లోహము. రెండును కలియుచోట వెల్డింగు వేడికి గుణము మారిన పట్టీ యొకటి ఏర్పడును. పగులు పుట్టుటకు అంతకంటె అనువైన తావు లేదు. కర్మాగారములవారు దీనినెరుగకపోలేదు, ఐఎస్ఓ 4210 ప్రమాణము ననుసరించి ఫ్రేమును పరీక్షించునపుడు పెడళ్లపై 1,00,000 మారులు భారము మోపి విడుతురు. అట్లు నిలిచిన ఫ్రేమునైనను బందు వదులుగ నుంచి త్రొక్కినచో, మడిచినపుడు క్రిందపడవైచినచో, సీటు కడ్డీని దానిపై చెక్కిన హద్దు గీత దాటునట్లు పైకి లాగినచో, కాపాడుట ఎవరి తరమును గాదు.

“ఆర్గాన్ వెల్డింగు పెట్టిస్తే అతకదా తాతగారూ?” అని మేనల్లుడు దీనముగ నడిగెను. మేస్త్రీగారు కొంచెము సేపు ఊరకుండి, “అతుకుద్ది. అతకకేం? ఈ వీధిలోనే వేసేవాళ్లున్నారు, గంటలో చేసిస్తారు. అతుకు దగ్గర విరగదు బాబూ, అతుకు పక్కన విరుగుద్ది. నువ్వేమో లారీల మధ్య తొక్కుతావు” అనెను. 6061 అను మిశ్రమలోహముతో చేసిన ఫ్రేమును వెల్డింగు అయిన తరువాత కర్మాగారములో సుమారు 530 డిగ్రీల వేడికి తెచ్చి, నీట ముంచి, మరల 170 డిగ్రీల ప్రాంతమున గంటలకొలది నుంచి బిగువు పుట్టింతురు. తరువాత దానిపై ఎక్కడ వెల్డింగు చేసినను, ఆ ప్రక్కభాగమున బలము దాదాపు సగమునకు పడిపోవును. ఫ్రేమునంతటిని మరల కొలిమికి పంపు సౌకర్యము వీధి వెల్డరునకు లేదు. పని చేయగల నేర్పుండి, కూలి దక్కునని తెలిసియుండి, చేయనని చెప్పుట పనివానికి సులభము గాదు. ఆ రోజున నేనక్కడ చూచిన పనితనములో నాకన్నిటికంటె గొప్పగా దోచినది ఆ నిరాకరణమే.

ఆయన పనిచేసిన విధమును సైతము చూచు భాగ్యము కలిగినది. మూలనున్న ఫ్రేములలో నొకటి ఉక్కుతో చేసిన పాత మడత సైకిలుది. దాని సీటుపైపు పైచీలిక నుండి పగులు క్రిందికి దిగియుండెను. పగులు కొసను అద్దముతో గుర్తించి, అచ్చట సన్నని డ్రిల్లు రంధ్రము వేసెను. కొస మొనదేలియున్నంత వరకు పగులు ప్రాకుచునే యుండుననియు, గుండ్రని రంధ్రము దానిని నిలుపుననియు చెప్పెను. పిదప తళతళలాడునట్లు ఆకురాతితో రుద్ది, వెలిగారము చల్లి, మంటను తిన్నగా త్రిప్పుచు ఉక్కు ఎర్రబారి నారింజవన్నెకు తిరుగువరకు కాచి ఇత్తడి పుల్లను తాకించెను. ఇత్తడి కరగి, పోసినట్లుగాక పీల్చుకొన్నట్లుగ ఆ సందులోనికి దిగిపోయెను. ఉక్కు కరగుటకు 1,500 డిగ్రీల ప్రాంతపు వేడి కావలెను; ఇత్తడికి 900 చాలును; కావున పైపు కరగకయే అతుకు కుదురును. ప్రక్కనున్న కుర్రవాడు నీళ్లు తేబోగా, “వద్దు, దానంతట అదే చల్లారాలి” అని వారించెను.

ఇంగ్లండులో 1975 ప్రాంతమున ఆండ్రూ రిచీ అను ఇంజనీరు తన ఇంటిలో కూర్చుండి రూపొందించిన బ్రాంప్టన్ మడత సైకిలు ప్రపంచప్రసిద్ధమైనది. దాని ఉక్కు ఫ్రేములను నేటికిని లండనులో ఈ విధముగనే ఇత్తడితో చేతిపనిగా అతుకుదురు. అతికినవాడు తన గుర్తును ఫ్రేముపై ముద్రించును. ఈ సంగతి చెప్పగా మేస్త్రీగారు మిక్కిలి సంతోషించి, “అలా పేరేసుకునే పని చెయ్యాలి మేష్టారూ” అనెను.

తరువాత ఆయన మా సైకిలు చక్రములు, గేరు, బ్రేకులు, సీటు కడ్డీ విప్పి సంచిలో వేసి, ఇవి మరియొక ఫ్రేమునకు పనికివచ్చునని చెప్పి, ఫ్రేమును కోసివేయుటకు అనుమతి యడిగెను. పాత ఇనుపసామాను కొట్టుకు పోయినచో ఎవరో కొని, రంగువేసి, మరియొక పిల్లవానికి అమ్ముదురని ఆయన భయము. మేనల్లుడు కష్టముమీదనే తలయూపెను. పగులునకు ఇరుప్రక్కలను రంపపు బ్లేడుతో కోసి, ఆ ముక్కను వైసులో బిగించి విరువగా, లోపలి ముఖము వెలుగు చూచెను. పైకి బొటనవ్రేలి వెడల్పు మాత్రమే కనబడిన పగులు లోపల పైపు చుట్టుకొలతలో మూడవవంతు వరకు ప్రాకియుండెను. పాత పగులు మసకబారి, చెట్టుబోదెలోని వలయములవలె ఒకదానివెంట నొకటిగ సన్నని రేఖలు దేరియున్నది. అప్పుడే విరిగిన భాగము గరుకుగ తెల్లగ మెరయుచున్నది. ఆ రేఖలలో అనేకము, మావాడు ఆ సైకిలు కొనుటకు ముందే పడినవని మేస్త్రీగారు నిశ్చయముగ చెప్పెను.

వాడిన సైకిలు కొనుట తప్పు కాదు. విద్యార్థులకును చిరుద్యోగులకును అది యొక సదుపాయము. కొనువారు సొమ్ము చెల్లింపకముందే దానిని తలక్రిందులుగ త్రిప్పి, మడతబందు చుట్టును, హ్యాండిలు కడ్డీ మొదటను, సీటుపైపు చీలిక వద్దను పట్టపగటి వెలుతురున చూడవలెను. అంటించిన స్టిక్కరు నుండినచో ఒలిపించి చూడవలెను. ఒలుచుటకు ఒప్పుకొననివారి వద్ద కొనరాదు. అమ్మువారికి మాత్రము నా మనవి మరింత గట్టిది: మీ ఫ్రేమునకు నెర్రె పడినదని ఎరిగియున్నచో, వచ్చినంత ధర రానిండని దానిని పరుల చేతిలో పెట్టవలదు. చక్రములు అమ్ముడు, గేర్లు అమ్ముడు. ఫ్రేమును మాత్రము రెండు ముక్కలుగ కోసి తూకమునకు వేయుడు.