వినెగర్ హిల్ గురించి నేను అడిగిన తప్పు ప్రశ్న

అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని షార్లట్స్‌విల్‌కి కొత్తగా వచ్చే తెలుగు విద్యార్థులకు ఊరు చూపించే పని నేనే నెత్తినేసుకున్నాను. వర్జీనియా విశ్వవిద్యాలయం, పూర్వపు అధ్యక్షుడు జెఫర్సన్ ఇల్లు మాంటిచెలో, తర్వాత డౌన్‌టౌన్. దాని పడమటి కొసన ఆమ్నీ హోటల్ దగ్గర ఆగి, "ఇక్కడ ఒకప్పుడు మురికివాడ ఉండేది. ఇళ్ళల్లో కొళాయిలు కూడా ఉండేవి కావు. నగరం దాన్ని తీసేసి అందరికీ మంచి ఇళ్ళు కట్టించింది" అని చెప్పేవాణ్ణి. ఎక్కడో చదివిన మాట. అది రాసిందెవరు, ఎవరి పక్షాన రాశారు అని ఒక్కసారీ ఆలోచించలేదు. నా మాట నమ్మిన పిల్లలు ఎంతమందో తలుచుకుంటే ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

దాని పేరు వినెగర్ హిల్. ఇరవై ఎకరాల నల్లవాళ్ళ పేట. ఇళ్ళు, మంగలి దుకాణాలు, భోజన హోటళ్ళు, కిరాణా కొట్లు, జయాన్ యూనియన్ బాప్టిస్ట్ చర్చి. జార్జ్ ఇంజ్ 1891లో మొదలుపెట్టిన కొట్టు కూడా ఆ పక్కనే మెయిన్ స్ట్రీట్ మీద ఉండేది. తెల్లవాళ్ళ హోటల్లో కూర్చుని తిననివ్వని రోజులవి. కాబట్టి నల్లవాళ్ళ సంపాదన చాలావరకు ఆ వీధుల్లోనే చేతులు మారేది. 1958లో, నల్లపిల్లల్ని చేర్చుకోవాల్సి వస్తుందని ఊళ్ళో రెండు తెల్లవాళ్ళ బడులనే మూయించింది వర్జీనియా ప్రభుత్వం. ఆ తర్వాత రెండేళ్ళకే, 1960 జూన్‌లో, వినెగర్ హిల్‌ని కూల్చాలా వద్దా అని నగరం ఓటు పెట్టింది.

ఓటెయ్యాలంటే ఏడాదికి డాలరున్నర చొప్పున మూడేళ్ళ ఓటు పన్ను ముందే కట్టి ఉండాలి. ఇళ్ళల్లో వంట చేసి, బట్టలుతికి బతికేవాళ్ళకి నాలుగున్నర డాలర్లు చిన్న మొత్తం కాదు. ఎవరి ఇళ్ళ గురించి ఓటో, వాళ్ళలో చాలామందికి ఓటే లేదు. కూల్చాలన్న పక్షం చాలా స్వల్ప తేడాతో గెలిచింది. రాష్ట్రాల ఎన్నికల్లో ఓటు పన్ను చెల్లదని సుప్రీంకోర్టు 1966లో తీర్పిచ్చింది. అప్పటికి వినెగర్ హిల్ నేలమట్టమైపోయింది.

ఇదంతా నేను పుస్తకాల్లో చదివింది తర్వాత. ముందు ఇంకో తప్పు చేశాను. పేటలో పెరిగిన పెద్దవాళ్ళ జ్ఞాపకాలు రికార్డు చేసే పనికి స్వచ్ఛందంగా వెళ్ళాను. ఎనభై దాటిన ఒకామె మాట్లాడుతోంది. అప్పు రాసుకుని సరుకులిచ్చే కొట్టు గురించి, అమ్మ పనికి వెళ్తే బడి నుంచి వచ్చిన పిల్లలు ఎవరింట్లోకైనా వెళ్ళి తినగలగడం గురించి, తప్పు చేస్తే ఇంటికి చేరేలోపే అమ్మ చెవిన పడడం గురించి. నా ఫైల్లో ఆనాటి ఇళ్ళ పరిస్థితి మీద నగరం తయారుచేసిన కాగితాల నకళ్ళున్నాయి. వయసు మీద పడితే గతమంతా తీపిగానే కనిపిస్తుందిలే అనుకుని, మధ్యలో అడిగాను: "మేడమ్, మీ ఇంట్లో బాత్రూమ్ ఉండేదా?"

ఆమె నా వైపు చూసింది. "లేదు నాయనా. మమ్మల్ని ఖాళీ చేయించడానికి వచ్చినవాళ్ళూ అదే అడిగారు" అంది. తర్వాత నేను ఏమడిగినా ఒకటి రెండు మాటల్లోనే జవాబు. సంతోషంగా మాట్లాడుతున్న గొంతును నేనే నొక్కేశాను.

అలాంటి ప్రశ్న ఎంత గుచ్చుతుందో నాకు తెలియకపోవడానికి వీల్లేదు. మాది కర్నూలు జిల్లా. శ్రీశైలం జలాశయం కింద 1980ల మొదట్లో నూరుకు పైగా ఊళ్ళు మునిగాయి, మా అవ్వ పుట్టినూరు వాటిలో ఒకటి. గోడలు, కప్పు, చెట్లు లెక్కేసి పరిహారం ఇచ్చారు. అవ్వ ఎప్పుడూ చెప్పేది మాత్రం ఏరు, పెద్దమ్మ గుడి, పక్కింటివాళ్ళతో కలిసి జొన్నరొట్టెలు కాల్చుకోవడం. "ఆ ఊళ్ళో కరెంటుందా అవ్వా?" అని చిన్నప్పుడు నేనడిగేవాణ్ణి. లేదనేది. అయితే పోయిందేముంది అన్నట్టు నవ్వేవాణ్ణి. అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. ఆమెకు క్షమాపణ చెప్పే వీల్లేదు. అమెరికాలో ఇంకో ముసలామెతో అదే పని చేశాను.

మళ్ళీ వెళ్ళాను. ఫైలు తీసుకెళ్ళలేదు. తప్పుగా అడిగానని చెప్పి, "అప్పట్లో మిమ్మల్ని ఎవరైనా అడిగి ఉంటే ఏం కోరుకునేవారు?" అన్నాను. ఆలోచించకుండా చెప్పింది: నీళ్ళ పైపు, మురుగు పైపు, ఇంటి ఓనరు చేత కప్పు బాగుచేయించే చట్టం. "వీధి తియ్యమని అడిగేవాళ్ళం కాదు" అంది. ఆ పూట నాతో చాలాసేపు మాట్లాడింది. కొళాయి లేదన్నదీ నిజమే, అక్కడ బాగా బతికామన్నదీ నిజమే. మొదటిదాన్ని రుజువుగా పట్టుకుని రెండోదాన్ని కొట్టేసిన పని నగరం 1960లో చేసింది, నేను టేప్ రికార్డరు పక్కన కూర్చుని చేశాను.

కూల్చివేత 1964, 65ల్లో జరిగింది. దాదాపు నూటనలభై నల్ల కుటుంబాలు, ముప్పై దాకా వ్యాపారాలు, చర్చి కదిలిపోయాయి. కొన్ని కుటుంబాలు వెస్ట్‌హేవెన్ అనే ప్రభుత్వ అద్దె ఇళ్ళలోకి వెళ్ళాయి. వ్యాపారాల్లో చాలావాటికి మళ్ళీ తెరుచుకునే చోటు దొరకలేదు. అదే నాకు అన్నిటికంటే బాధ కలిగించేది. సొంత కొట్టున్న మనిషి ఇంకొకరి కొట్లో కూలికి చేరాడంటే పోయింది ఇల్లొక్కటే కాదు, పిల్లలకిచ్చే ఆస్తి కూడా. అంత తొందరపడి ఖాళీ చేయించిన నేల ఏళ్ళ తరబడి ఖాళీగానే పడి ఉంది. ఇప్పుడున్న హోటలు 1985లో వచ్చింది. నగర పాలకులు 2011లో క్షమాపణ చెప్పారు.

ఇప్పటికీ విద్యార్థుల్ని తీసుకెళ్తుంటాను. హోటల్ దగ్గర ఓటు పన్ను సంగతి ముందు చెబుతాను. తర్వాత మెయిన్ స్ట్రీట్‌లో ఇంకా నిలబడి ఉన్న ఇంజ్ కొట్టు భవనం చూపిస్తాను. కొట్టు 1979లో మూతపడింది. పక్కనే పాత జెఫర్సన్ బడిలో నల్లవాళ్ళ చరిత్ర కేంద్రం ఉంది, అక్కడ ఆ పేట ఫొటోలు చూడొచ్చు. అటునుంచి వెస్ట్‌హేవెన్ నడిచి వెళ్ళేంత దూరం. ఆ ఇళ్ళకీ అరవై ఏళ్ళొచ్చాయి, వాటిని తిరిగి కట్టే పనికి పూనుకున్నారు. ఈసారి ఆ చర్చల్లో అక్కడుండేవాళ్ళూ కూర్చున్నారు.