నానమ్మ తుంటికి ఒక మెష్

ఎఫ్ఈఎమ్ ల్యాబ్‌లో మనందరం చేసేది ఒకటే. బ్రాకెట్ గీసి, మెష్ చేసి, ఒక చివర ఫిక్స్ చేసి, రెండో చివర లోడ్ పెడతాం. ఎర్రగా వచ్చిన చోట విరుగుతుందని రికార్డులో రాసేస్తాం. ఇదే పద్ధతిని మనిషి తుంటి మీద కూడా వాడతారని నాకు నానమ్మ వల్ల తెలిసింది.

తనకి డెక్సా స్కాన్ తీస్తే టీ-స్కోర్ -2.2 వచ్చింది. -2.5 గానీ, అంతకన్నా తక్కువ గానీ వస్తే ఎముకలు గుల్లబారినట్టు లెక్క. నానమ్మ గీతకి ఇవతలే ఉంది. రిపోర్టు చదివి చెప్తే ఒకటే అడిగింది: "అయితే పడినా విరగదంటావా?"

ఆ ప్రశ్నకి స్కోర్ దగ్గర జవాబు లేదు. ఎముకలు విరిగినవాళ్లలో చాలామంది స్కోర్ -2.5కి పైనే ఉంటుంది. డెక్సా చూసేది ఎముక నీడనే, చదరపు సెంటీమీటర్‌కి ఎన్ని గ్రాములని. పైపెంకు ఎక్కడ పలచబడిందో, లోపలి అల్లిక ఎటు తెగిందో ఆ ఒక్క అంకెలో కనిపించదు.

ఆ అల్లిక మామూలుది కాదు. 1866లో జ్యూరిక్‌లో అనాటమీ ప్రొఫెసర్ హెర్మన్ ఫాన్ మేయర్ చూపించిన తొడ ఎముక బొమ్మల్లో, కార్ల్ కుల్మన్ అనే ఇంజనీర్‌కి క్రేన్‌లోని స్ట్రెస్ లైన్లు కనిపించాయని చెప్తారు.

ఇప్పుడైతే సీటీ స్కాన్ నుంచే మోడల్ కడుతున్నారు. స్టీల్‌కి మనం 200 గిగాపాస్కల్ అని ఒక్కసారి కొడితే సరిపోతుంది. ఎముకకి అలా కుదరదు. స్కాన్‌లో ఒక్కో చుక్క తెలుపుని బట్టి సాంద్రత, దాన్ని బట్టి యంగ్స్ మాడ్యులస్, ఇలా ప్రతి ఎలిమెంట్‌కీ వేరే విలువ ఇవ్వాలి. తర్వాత మనిషి పక్కకి పడినట్టు తుంటి మీద లోడ్ పెడతారు. ఎముక ఎంత బలానికి విరుగుతుందో, పడితే ఎంత బలం తగులుతుందో పోల్చి చూస్తారు.

నానమ్మకి ఇవేవీ చేయించలేదు. అయినా ఆ మోడల్ గురించి చదివాక ఒకటి అర్థమైంది. అందులో పడటం అనేది మనం ముందే ఇచ్చే ఇన్‌పుట్. ఆమె పడుతుందా లేదా అన్నది ఏ సాఫ్ట్‌వేర్ కన్నా మా బాత్రూమ్ గచ్చుకే బాగా తెలుసు.

"పడితే విరగొచ్చు నానమ్మా, అందుకే పడకుండా చూసుకుందాం" అన్నా. ఆ వారమే గోడకి స్టీల్ రాడ్ బిగించాం. దానికి ఎనాలిసిస్ ఏమీ చేయలేదు. నేనే వేలాడి చూశా.