బస్సు వద్దన్న దారి

మా ఊరు గురజాల దాటి మాచర్ల వైపు వెళ్తుంటే రోడ్డు దిగి మూడు మైళ్ళు లోపలికి ఉంటుంది. మా పెళ్ళయిన కొత్తలో ఆ మూడు మైళ్ళూ డొంకే. ఎండకాలం నాపరాయి కాళ్ళు కాల్చేది, వానాకాలం నల్లరేగడి చెప్పులు ఊడబీకేది. హైస్కూలు పిల్లలు పుస్తకాలు నెత్తిన పెట్టుకొని నడిచేవారు. నొప్పులు వచ్చిన ఆడవారిని మంచం మీద మోసుకొని రోడ్డుకు చేర్చేవారు. అందుచేత బస్సు కోసం అర్జీ పెట్టాము. ఇంటింటికీ తిరిగి సంతకాలు, సంతకం రానివారి వేలిముద్రలు పోగుచేసింది మేమిద్దరమే. మూడేళ్ళు తిరగగా ఎర్రబస్సు ఊళ్ళోకి వచ్చింది. ఆ రోజు పిల్లలతో పాటు ముసలివారు కూడా దాని వెనక పరుగెత్తారు.

అటువంటి మాకు, బస్సు మాకు వద్దని వేలమంది సంతకాలు పెట్టిన ఊరొకటి ఉందని వింటే నవ్వొచ్చింది. చెప్పినది మా రెండవ అమ్మాయి. ఇంగ్లాండులో బ్రిస్టల్ పట్టణంలో నర్సుగా పనిచేస్తోంది. 2025 మే నెలలో మమ్మల్ని పిలిపించుకొని మూడు నెలలు తన దగ్గర ఉంచుకుంది.

అమ్మాయి ఇల్లు ఫిష్‌పాండ్స్ అనే పేటలో ఉంది. ఇంటి వెనక సందులోనుంచి పది అడుగులు దిగితే ఒక తారు బాట వస్తుంది. ఇద్దరు ముగ్గురు పక్కపక్కన నడిచేటంత వెడల్పు. రెండు ప్రక్కలా చెట్లు, ముళ్ళపొదలు. కారు లేదు, లారీ లేదు, హారను లేదు. వేకువనే పనికి పోయేవారు సైకిళ్ళ మీద గంట మ్రోగించుకుంటూ పోతారు. తరువాత బడిపిల్లలు, ఆ తరువాత బిడ్డల బండ్లు తోసుకుంటూ తల్లులు, కర్ర పట్టుకొని మావంటివారు. మొదటి వారం మేము అలవాటు చొప్పున మాటిమాటికి వెనక్కి తిరిగి చూసుకొన్నాము. పల్నాడులో రోడ్డు అంచున నడిచినవారికి మెడ అలా అలవాటైపోతుంది.

ఈ బాట పూర్వం రైలుదారి. బ్రిస్టల్ నుంచి బాత్ పట్టణానికి పోయే ఈ లైనులో 1966లో ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయాయి. పట్టాలు పీకేసిన తరువాత ముళ్ళు మొలిచాయి. అప్పుడు సైకిలు తొక్కేవారు కొందరు సైకిల్‌బ్యాగ్ అని సంఘం కట్టి, 1979లో పారలు పట్టుకొని తామే బాట వేయ మొదలుపెట్టారు. 1986 నాటికి పదమూడు మైళ్ళు, అంటే దాదాపు 21 కిలోమీటర్లు పూర్తయింది. ఆ సంఘమే పెరిగి సస్ట్రాన్స్ అనే పేరుతో దేశమంతటా ఇటువంటి బాటలు వేసింది. మన గుంటూరు-మాచర్ల లైను చిన్నగేజి పోయి పెద్దగేజి వచ్చి ఇంకా నడుస్తున్నది గనుక మనకీ సంగతి కొత్త. రైలు పోతే ఆ భూమి ఎవరో ఒకరు దున్నుకుంటారనే మేము అనుకొనేవాళ్ళము.

ఫిష్‌పాండ్స్ నుంచి తూర్పుగా పోతే స్టేపుల్ హిల్ దగ్గర సొరంగం వస్తుంది. పొడవు 470 మీటర్ల పైచిలుకు. దీపాలున్నాయి గాని జూన్ నెలలో కూడా లోపల చలి వేస్తుంది. అది దాటితే మాంగట్స్‌ఫీల్డ్ పాత స్టేషను. పైకప్పు లేదు, రాతి గోడలు, ప్లాట్‌ఫారాలు మిగిలాయి. ఆ ప్లాట్‌ఫారం మీద కూర్చొని అమ్మాయి కట్టిచ్చిన పులిహోర తినేవాళ్ళము. ఇంకా ముందుకు పోతే బిట్టన్ దగ్గర బాట ప్రక్కనే పాత పొగబండిని వేడుకగా నడుపుతుంటారు. (మధ్యలో ఒక ఆదివారం యాష్లీ డౌన్‌కు పోయి జార్జి ముల్లర్‌గారి అనాథాశ్రమాల భవనాలు చూచి వచ్చాము. వాటిలో మొదటిది 1849లో తెరిచారు. అంత పెద్దవని చదివినప్పుడు అనుకోలేదు. దాన్ని గూర్చి మరొకసారి వ్రాస్తాము.)

ఇక బస్సు సంగతి. 2008 జనవరిలో ఒక ఆలోచన బయటపడింది. ఎమర్సన్స్ గ్రీన్ అనే శివారు నుంచి పట్టణం నడిబొడ్డుకు వేగంగా పోయే బస్సులకు ఈ బాటలో కొంత భాగాన్ని వాడుకోవాలని, అక్కడి నాలుగు కౌన్సిళ్ళు కలిసిన సంస్థ తలపెట్టింది. అందులో న్యాయం లేకపోలేదు. శివారువారికి బస్సు అవసరం, రోడ్ల మీద కార్లు కిక్కిరిసిపోయాయి, ఈ దారి తిన్నగా, ఖాళీగా ఉంది. నడిచేవారికి ప్రక్కన చోటుంచుతామన్నారు. అయినా జనం ఊరుకోలేదు. సుమారు పదివేల మంది అర్జీ మీద సంతకాలు చేశారు. ఆ యేడు జూలై నాటికి ఆలోచన ప్రక్కన పెట్టారు.

అమ్మాయివాళ్ళ సంఘంలో ఒక పెద్దావిడ ఉంది. ఎనభై ఏళ్ళు దాటాయి, కారు లేదు, గుడికి బస్సులోనే వస్తుంది. ఆవిడా అప్పుడు సంతకం పెట్టిందట. ఇదేమి చోద్యమని అడిగాము. బస్సు వద్దని తాను అనలేదనీ, ఆ దారిన వద్దన్నాననీ ఆవిడ చెప్పింది. కాలు కూడదీసుకొని భయం లేకుండా నడవడానికి తనకు ఊరంతటిలో అదొక్కటే మిగిలిందట. బస్సు కూడా ఆగలేదు లెండి. 2018లో ఎమర్సన్స్ గ్రీన్ నుంచి పట్టణంలోకి మెట్రోబస్ వచ్చింది, పెద్ద మోటారు రోడ్డు మీదుగా.

ప్రక్కన చోటుంచితే చాలదా అనే మాట మాత్రం మమ్మల్ని వదలలేదు. దానికి మా అల్లుడు కేంబ్రిడ్జి సంగతి చదివి వినిపించాడు. అక్కడ 2011లో పాత రైలుదారి మీదనే బస్సుల బాట వేసి, దాని ప్రక్కనే నడకకు, సైకిళ్ళకు దారి పెట్టారు. 2015కీ 2021కీ మధ్య ముగ్గురు బస్సులు తగిలి చనిపోయారు. 2025 ఏప్రిల్‌లో కోర్టు అక్కడి కౌంటీ కౌన్సిలుకు 60 లక్షల పౌండ్ల జరిమానా వేసింది.

అది విన్న రాత్రి మాకు మా డొంకే గుర్తుకొచ్చింది. బస్సు వచ్చాక దాన్ని వెడల్పు చేశారు, వేపచెట్లు కొట్టేశారు, తారు పోశారు. తారు పడ్డాక సున్నపురాయి లారీలు, ట్రాక్టర్లు దిగాయి. మా సంఘ పెద్ద ఒకాయన వేకువన సైకిలు మీద పాలు తీసుకుపోతుంటే లారీ తగిలి కాలు తీసేయవలసి వచ్చింది. మా అర్జీలో బస్సు అని వ్రాశాము గాని, నడిచేవారికి అంచున మూడడుగులు విడవమని వ్రాయడం మాకు తోచనేలేదు. ఆ మాట మేమిద్దరమూ పైకి అనుకోలేదు, చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఆగస్టులో ఇంటికి వచ్చేసరికి ఊళ్ళో కొత్త మాట నడుస్తోంది. సాగర్ కుడికాలువ మేజరు కట్ట మీద రోడ్డు వేస్తే బస్సు చుట్టు తిరగకుండా కాలనీ మీదుగా పోతుందని. 1967లో సాగర్ నీళ్ళు వదిలిన నాటినుంచి ఆ కాలువల కట్టలే మా ప్రాంతానికి నడకదారులు. మిరప కోతకు పోయే కూలీలు, సైకిళ్ళ మీద బడిపిల్లలు, షుగరు వచ్చి డాక్టరు నడవమన్నవారు, అందరూ దాని మీదనే. మా ఊళ్ళో లారీ రాని దారి అదొక్కటే మిగిలింది.

గ్రామసభలో మేము లేచి, బస్సు కాలనీకి రావలసిందే గాని చెరువు వెనక పాత బండ్లబాట బాగుచేసి అటు తీసుకురండి, కట్టను వదిలేయండి అన్నాము. ఆ బాటైతే కాలనీ చివరి ఇళ్ళవారు స్టాపుకు అర కిలోమీటరు నడవాలి. కాలనీ నుంచి ఒక చెల్లెలు లేచి, "అక్కా, మీరు సీమకు పోయి వచ్చారు, మీకు నడక సరదా. నా మోకాళ్ళ సంగతి మీకేం తెలుసు? అప్పుడు మీ వీధికి బస్సు తెచ్చుకున్నారు గదా" అంది. సభలో కొందరు నవ్వారు. ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు గనుక మేము కూర్చున్నాము. కట్ట మీదా, బండ్లబాట మీదా రెండింటికీ కొలతలు తీయించి మళ్ళీ కూర్చుందామని సభ వాయిదా పడింది.

మరునాడు పొద్దున ఆ చెల్లెలు కట్ట మీదనే ఎదురైంది. నెత్తిన అన్నం గిన్నె, చేతిలో కొడవలి. చేను దాకా కలిసి నడిచాము. బండ్లబాటకు కాలనీ వైపు ఒక అడ్డదారి తీస్తే ఆ అర కిలోమీటరు సగమవుతుందేమోనని ఆమే అంది. సాయంత్రం తాడు తీసుకొని ముగ్గురమూ పోయి కొలిచి చూద్దామని అనుకొన్నాము.