మూగవోయిన రంగ్‌భవన్

ముంబయి నగరంలో ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్ నుంచి వెలుపలికి వచ్చి, ఆజాద్ మైదానం అంచున మహాపాలికా మార్గం వెంట పడమటి దిక్కుగా నడిస్తే కొద్ది నిమిషాలలోనే ధోబీ తలావ్ కూడలి వస్తుంది. చాకలివారు బట్టలు ఉతికిన చెరువు ఒకప్పుడు అక్కడ ఉండేది. దానిని పూడ్చివేసి చాలాకాలమైనది. చెరువు పోయినా పేరు నిలిచింది. ఆ కూడలికి చేరక ముందే దారి ప్రక్కన ఒక సందు ఉన్నది. దాని పేరు బద్రుద్దీన్ తయ్యబ్జీ మార్గం. కాని నగరవాసులు దానిని రంగ్‌భవన్ సందు అనే పిలుస్తారు. ఒక ప్రక్క 1869లో స్థాపితమైన సెయింట్ జేవియర్స్ కళాశాల, మరొక ప్రక్క 1886 నుంచి స్త్రీలకు, శిశువులకు వైద్యసేవ చేస్తున్న కామా ఆస్పత్రి. ఈ రెంటి నడుమ ప్రభుత్వాధీనంలోని ఆరుబయలు రంగస్థలమే రంగ్‌భవన్.

ఇవాళ అరవయ్యో పడిలో ఉన్న ముంబయి వాసులలో ఎందరికో ఆ పేరు వినగానే ముఖం వెలుగుతుంది. వారి యౌవనంలో రాక్ సంగీతం అంటే రంగ్‌భవన్. రంగ్‌భవన్ అంటే రాక్ సంగీతం. తెల్లవార్లూ శ్రీరామనవమి పందిట్లో కూర్చుని హరికథలు, పాటకచేరీలు విన్న తెలుగువారికి ఆ అనుబంధం ఎటువంటిదో వేరుగా చెప్పనక్కరలేదు. సంగీతం వేరు, వాద్యాలు వేరు. నలుగురితో కలిసి ఆకాశం క్రింద కూర్చుని విన్న పాట జీవితాంతం చెవిలో నిలిచిపోవడం మాత్రం ఎక్కడైనా ఒకటే.

సంగీతం ఆ పేటకు కొత్తగా వచ్చినది కాదు. ఉద్యోగాలకోసం, ఓడపనులకోసం గోవానుంచి వచ్చినవారు ధోబీ తలావ్ పరిసరాలలో ఊరికొక వసతిగృహం చొప్పున ఏర్పాటు చేసుకున్నారు. వాటిని 'కూడ్' లంటారు. చర్చి పాఠశాలలలో స్వరాలు చదవడం నేర్చిన ఆ గోవా యువకులే నగరంలోని హోటళ్లలో జాజ్ వాయించారు. హిందీ చిత్రాల వాద్యబృందాలలో వయొలిన్లు, ట్రంపెట్లు పట్టారు. 1865లో మొదలైన ఫుర్టాడోస్ వాద్యాల దుకాణం ఈ పేటలోనిదే. దాని అద్దాల వెనుకనున్న గిటారును గంటల తరబడి చూసి, కొనే స్తోమత లేక తిరిగిపోయిన విద్యార్థులు ఎందరో! మెట్రో సినిమాకు ఎదురుగా, 1904లో వెలసిన కయానీ ఇరానీ హోటలులో ఒక టీ, ఒక మస్కా పావ్ ముందు పెట్టుకుని వారు సంగీత చర్చలు సాగించేవారు.

భారతదేశంలో రాక్ సంగీతాభిమానం అంత తేలికగా పెరిగినది కాదు. 1960, 1970 దశకాలలో విదేశీ గిటార్లు, ధ్వనివర్ధకాలు కొనాలంటే దిగుమతి సుంకం వాద్యం ఖరీదును మించిపోయేది. రికార్డులు కూడా అరుదే. విదేశాలనుంచి బంధువు ఎవరైనా ఒక రికార్డు తెచ్చినచో, అది చేతులు మారి పదిళ్లు తిరిగేది. కాలాఘోడాలోని రిథమ్ హౌస్ దుకాణంలో చిన్న గదిలో నిలబడి పాట విని, కొనకుండానే వెళ్లేవారిని యజమానులు చూసీచూడనట్లు ఊరుకునేవారు. 2016లో ఆ దుకాణం మూతపడినప్పుడు ఒక తరమంతా సొంత ఇల్లు అమ్ముడుపోయినట్లు బాధపడింది.

ఇంత కరవులోనూ ఆ సంగీతం వేరూనింది. 1970, 1971 సంవత్సరాలలో ఒక సిగరెట్టు పేరు మీద జరిగిన 'సిమ్లా బీట్' పోటీలకు దేశం నలుమూలలనుంచి యువబృందాలు వచ్చాయి. వాటి పాటలు రికార్డులుగా కూడా వెలువడ్డాయి. 1971లోనే లోణావలా సమీపాన మళవలిలో 'స్నేహయాత్ర' పేరిట ఒక ఆరుబయలు సంగీతోత్సవం జరిగింది. 1972లో లెడ్ జెప్పెలిన్ బృందానికి చెందిన రాబర్ట్ ప్లాంట్, జిమ్మీ పేజ్ బొంబాయి వచ్చి, కొలాబాలోని 'స్లిప్ డిస్క్' అనే చిన్న క్లబ్బులో స్థానికుల వాద్యాలనే తీసుకుని వాయించారు. ఆ రాత్రి అక్కడ ఉన్నవారు కొద్దిమందే. అయితే తరువాతి కాలంలో అక్కడ తామూ ఉన్నామని చెప్పుకున్నవారి సంఖ్య ఏటేటా పెరుగుతూ వచ్చిందని నగరంలో ఒక పరిహాసం.

రంగ్‌భవన్ ప్రాధాన్యం ఇక్కడనే ఉన్నది. ఆ క్లబ్బులు, హోటళ్లు కలవారివి. రంగ్‌భవన్ అందరిదీ. రెండు పెద్ద రైల్వేస్టేషన్లకు నడకదూరంలో ఉన్నందువల్ల దూరపు శివార్లనుంచి సైతం విద్యార్థి లోకల్ రైలెక్కి రావచ్చు. కచేరీ ముగిశాక చివరి రైలు అందుకోవచ్చు. టిక్కెట్టు ధర అతని జేబు భరించగలిగేది. 1978లో ప్రఖ్యాత శాక్సఫోన్ విద్వాంసుడు సోనీ రోలిన్స్ పాల్గొన్న తొలి 'జాజ్ యాత్ర' జరిగినది ఈ ప్రాంగణంలోనే. ప్రపంచంలో పేరుమోసిన విద్వాంసులను కళాశాల విద్యార్థి ఇక్కడ కళ్లారా చూశాడు.

1986లో 'ఇండిపెండెన్స్ రాక్' మొదలైంది. పేరుకు తగినట్లు అది స్వాతంత్ర్య దినోత్సవపు రోజులలో జరిగే ఉత్సవం. ఏళ్ల తరబడి దానికి రంగ్‌భవనే నెలవు. 1969లో అమెరికాలోని వుడ్‌స్టాక్ ఉత్సవం ప్రారంభమైనదీ, అందులో పండిత రవిశంకర్ సితార్ వాయించినదీ ఆగస్టు 15వ తేదీనే కావడం ఒక చిత్రమైన కాకతాళీయం.

ఆగస్టు మాసం బొంబాయిలో ఎలా ఉంటుందో పాఠకులకు తెలిసిందే. ఒక క్షణం ఎండ, మరుక్షణం కుండపోత. పైకప్పు లేని రంగస్థలంలో వాన మొదలైతే వేదికపై తీగెలకు ప్లాస్టిక్ గుడ్డలు కప్పడం, నీళ్లు తుడవడం, మళ్లీ మొదలుపెట్టడం. ఇదంతా కార్యక్రమంలో భాగమే. శ్రోతలు మాత్రం కదిలేవారు కారు. ముద్దగా తడిసిన నల్లచొక్కాలతో, నీళ్లు కారుతున్న పొడుగాటి జుట్టుతో రాత్రి వరకు నిలబడి తల ఊపేవారు. గోడ బయట చెట్టెక్కి విన్నవారు, టిక్కెట్టు దొరకక సందులో నిలబడే పాటంతా విన్నవారు ఆ జ్ఞాపకాలలో తప్పక ఉంటారు. ఇంటికి పోయాక పెద్దల చేత చీవాట్లు, మర్నాడు జలుబు, రెండు రోజులు చెవులలో హోరు. ఇవన్నీ ఆ ఉత్సవపు ప్రసాదాలే.

ఆ శ్రోతలు దయాదాక్షిణ్యాలు గలవారని భ్రమపడరాదు. వేదికపైకి వచ్చిన బృందం బాగా వాయించకపోతే ఈలలతో, కేకలతో దింపివేసేవారు. విదేశీ పాటను ఉన్నదున్నట్లు వాయించేవారికే తొలినాళ్లలో మెప్పు. సొంత పాట మొదలుపెడితే 'పాత పాట పాడండి' అనే అరుపులు వినిపించేవి. 1984లో బొంబాయిలో ఏర్పడిన 'రాక్ మెషీన్' బృందం ఆ అరుపులను తట్టుకుని సొంత పాటలకు మళ్లింది. 1988లో ఆ పాటలతో ఒక ఆల్బమ్ వెలువరించింది. 1993లో 'ఇండస్ క్రీడ్' అని పేరు మార్చుకుంది. అనుకరణనుంచి సృజనకు ఒక తరం సంగీతకారులు వేసిన అడుగు అది. ఆ అడుగుకు సాక్షిగా నిలిచిన కొద్ది వేదికలలో రంగ్‌భవన్ ఒకటి.

ఇంతటి వేదిక ఎందుకు మూగవోయింది? 2000 సంవత్సరంలో కేంద్రప్రభుత్వం శబ్దకాలుష్య నియంత్రణ నిబంధనలను జారీచేసింది. ఆస్పత్రులు, విద్యాలయాలు, న్యాయస్థానాల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ఉండాలని వాటి తాత్పర్యం. ఆ మండలంలో పగటిపూట 50 డెసిబెల్స్, రాత్రిపూట 40 డెసిబెల్స్ దాటరాదు. మహాపాలికా మార్గం మీద ఆస్పత్రులున్నాయి, కళాశాల ఉన్నది, న్యాయస్థానం కూడా ఉన్నది. ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఆ నిబంధనల అమలుతో రంగ్‌భవన్ తలుపులు రాక్ కచేరీలకు మూసుకుపోయాయి.

50 డెసిబెల్స్ అంటే ఇంట్లో మెల్లగా మాట్లాడుకునే మాటలకన్నా తక్కువే. రాక్ కచేరీ 100 డెసిబెల్స్ సునాయాసంగా దాటుతుంది. 50కి ఇది రెట్టింపు మాత్రమే అనుకోవడం పొరపాటు. డెసిబెల్ లెక్కలో ప్రతి పది అంకెలకు శబ్దశక్తి పదిరెట్లు పెరుగుతుంది. కాబట్టి అనుమతించిన ధ్వనికన్నా కచేరీ ధ్వనిలో శక్తి లక్ష రెట్లు! తలుపులు మూసి, ధ్వనివర్ధకాలు కాస్త తగ్గించి సర్దుకోగల వ్యత్యాసం కాదిది. అందులోనూ తలుపులు మూయడానికి పైకప్పే లేని రంగస్థలం.

గోడకు ఆవల కామా ఆస్పత్రిలో పడుకున్న బాలింత గురించి ఆనాటి యువకులు ఆలోచించారా? ఆలోచించలేదనే ఇవాళ వారిలో చాలామంది ఒప్పుకుంటారు. పద్దెనిమిదేళ్ల వయసులో ప్రపంచమంతా తనతోపాటు పాట వింటున్నదనే అనిపిస్తుంది. సొంత బిడ్డ పుట్టినప్పుడో, తల్లిదండ్రుల మంచం ప్రక్కన ఆస్పత్రిలో రాత్రులు గడిపినప్పుడో నిశ్శబ్దం విలువ తెలిసివస్తుంది. నిబంధన అన్యాయమని వారు అనలేరు. వేదిక పోయినందుకు బాధపడకుండానూ ఉండలేరు.

రంగ్‌భవన్ సందు పేరు దేశమంతటా మారుమ్రోగినది మాత్రం సంగీతం వల్ల కాదు. 2008 నవంబరు 26వ తేదీ రాత్రి రైల్వేస్టేషనులో మారణకాండ జరిపిన ఇద్దరు ఉగ్రవాదులు కామా ఆస్పత్రిలో ప్రవేశించారు. అక్కడినుంచి వెలుపలికి వచ్చి ఈ సందులోనే పోలీసు వాహనంపై కాల్పులు జరిపారు. హేమంత్ కర్కరే, అశోక్ కామ్టే, విజయ్ సాలస్కర్ అనే ముగ్గురు అధికారులు, వారితో ఉన్న పోలీసులు ఇక్కడ నేలకొరిగారు. ఒకప్పుడు పాట వినడానికి యువకులు బారులు తీరిన గోడ ప్రక్కన ఆ రాత్రి తుపాకులు మోగాయి.

అదే సమయంలో ఆస్పత్రి లోపల అంజలి కుల్తే అనే నర్సు తన వార్డులోని ఇరవైమంది గర్భిణులను ఒక చిన్న వంటగదిలోకి చేర్చి, దీపాలు ఆర్పి, తలుపులు బిగించింది. ఎవరి నోటా మాట లేదు. ఊపిరి చప్పుడు కూడా వినిపించకూడదనే భయంతో వారంతా రాత్రి గడిపారు. వారిలో ఒకరికి నొప్పులు రాగా, ఆ నర్సే గోడ వెంట జాగ్రత్తగా నడిపించి ప్రసూతిగదికి చేర్చింది. ఆ రాత్రి అక్కడ ఒక శిశువు జన్మించింది. 2022లో ఆమె ఈ సంగతులను ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి వివరించింది. ఆ సందు గుండా నడిచే ఆనాటి సంగీతప్రియులకు ఇప్పుడు ఒకే గోడ దగ్గర రెండు జ్ఞాపకాలు. ఒకటి హోరు, ఒకటి ప్రాణాలు నిలిపిన మౌనం.

రాక్ కచేరీలు నగరంనుంచి మాయమైపోలేదు. ఆర్థిక సంస్కరణల అనంతరం విదేశీ బృందాల రాక పెరిగింది. 1996 నవంబరు 1న మైకేల్ జాక్సన్ అంధేరీ క్రీడాప్రాంగణంలో ఆడిపాడాడు. 2003 ఏప్రిల్‌లో రోలింగ్ స్టోన్స్ బృందం బ్రాబోర్న్ స్టేడియంలో వాయించింది. ఇండిపెండెన్స్ రాక్ వేరే ప్రాంగణాలకు తరలి 2013 వరకు సాగింది. తరువాత నిలిచిపోయి, 2022లో మజగావ్‌లో మళ్లీ జరిగింది. అక్కడికి వచ్చిన నెరసిన జుట్టువారిలో కొందరు తమ కొడుకులను, కూతుళ్లను వెంటబెట్టుకుని వచ్చారు. ధ్వని ఇప్పుడు మేలు. దీపాల వెలుగు మేలు. కూర్చోవడానికి చోటు మేలు. టిక్కెట్టు ధర మాత్రం విద్యార్థి జేబులోని చిల్లరతో సరిపోయేది కాదు.

ఆనాటి శ్రోతలను కదిలిస్తే మొదట వినిపించేది పాటల జాబితా. ఆ తరువాత మెల్లగా అసలు సంగతి బయటపడుతుంది. పార్సీ కుర్రవాడు, గోవా క్రైస్తవుడు, దాదర్ మరాఠీ యువకుడు, మాటుంగానుంచి వచ్చిన తమిళుడు వానలో ఒకే గొడుగు క్రింద నిలబడ్డారు. ఎవరి తండ్రి జీతమెంతో ఎవరూ అడగలేదు. నగరం నడిబొడ్డున, రైలు దిగిన చోటనే, తక్కువ డబ్బుతో యువతకు దొరికిన చోటు అది. వారు పోగొట్టుకున్నామని చెప్పేది ఆ చోటునే. హోరు ఎక్కడైనా దొరుకుతుంది.

రోగికి నిశ్శబ్దం ఇవ్వడం నగరధర్మం. యువతకు పాడుకునే చోటు చూపడం కూడా నగరధర్మమే. మొదటి ధర్మాన్ని చట్టం నెరవేర్చింది. ఒక వేదికను మూసినవారు దానికి బదులు అంతే చవకగా, అంతే చేరువగా, ఆస్పత్రులకు దూరంగా మరొకటి కట్టి ఇచ్చి ఉంటే రెండవదీ నెరవేరేది. రంగ్‌భవన్‌ను పునరుద్ధరించాలని ప్రతిపాదనలు రాకపోలేదు. అయితే ఆస్పత్రి అక్కడినుంచి కదలదు, కదలరాదు కూడా. కాబట్టి కావలసినది పాత గోడల మధ్య పాత హోరు కాదు. ఫుర్టాడోస్ అద్దాల ముందు ఇవాళ నిలబడి గిటారు ధర చూస్తున్న కుర్రవాడు రేపు దానిని పదిమంది ముందు వాయించడానికి ఒక చోటు కావాలి.