పంజరంలోనే ఉండండి

1975లో వచ్చిన ‘జాస్’లో సొరచేపకు మొదట బలయ్యేది రాత్రిపూట ఈతకు దిగిన ఒక అమ్మాయి. ఆడది తన ఇష్టానికి నీళ్లలోకి దిగితే ఏమవుతుందో చెప్పే నీతికథలుగా ఈ సినిమాలను చదవడం తేలిక. కానీ 2017లో వచ్చిన జొహానెస్ రాబర్ట్స్ సినిమా ‘47 మీటర్స్ డౌన్’లో నన్ను వెంటాడింది సొరచేప కాదు, ఒక గొంతు.

లీసా, కేట్ అక్కచెల్లెళ్లు. సెలవులకని మెక్సికో వస్తారు. లీసాను ప్రియుడు వదిలేశాడు, నీతో బతుకు చప్పగా ఉందని. తాను అలాంటిది కాదని ఫోటోల్లో అతనికి చూపించడానికి, సొరచేపలను దగ్గరగా చూసే ఇనుప పంజరంలో సముద్రంలోకి దిగుతుంది. పైన పట్టి ఉంచిన ఇనుప తాడు పట్టు తప్పి పంజరం 47 మీటర్ల అడుక్కి పోతుంది. అంత లోతుకు రేడియో అందదు. పడవలో ఉన్న కెప్టెన్‌తో మాట్లాడాలంటే పంజరం విడిచి కొన్ని మీటర్లు పైకి ఈదాలి. ప్రాణాలకు తెగించి ఈదితే వినబడే మాట ఇదీ: పంజరంలోనే ఉండండి, మేం వస్తున్నాం!

కెప్టెన్ దుర్మార్గుడేం కాదు. ఒక్కసారిగా పైకొస్తే ఒంట్లో కరిగిన నైట్రోజన్ బుడగలై ప్రాణం తీయొచ్చు. ఆ మాట నిజమే. కానీ ఆ లోతులో ఒత్తిడి ఉపరితలం మీద ఉన్నదానికి దాదాపు ఆరింతలు. సిలిండర్లో గాలి కూడా అంత తొందరగానే ఖర్చవుతుంది, భయపడితే ఇంకా తొందరగా. మీటరు ముల్లు చూసుకుంటున్నది వాళ్లు. సలహా ఇస్తున్నది అతను.

ఈ ఎండాకాలం సదాశివనగర్‌లో మా ఇంటి అరుగు మీద ఈ కథ చెప్పాను. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరం మా ఊరు. పెద్ద నీళ్లంటే మాకు మంజీర మీద 1923-31 మధ్య కట్టిన నిజాంసాగర్. సముద్రమంటే గల్ఫ్‌కు పోయే మగవాళ్లు విమానంలో దాటిపోయేది. పెద్దమ్మ, అమ్మ, వదిన చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. సిలిండరు, నైట్రోజన్, ఒత్తిడి... సాహిత్యంలో డాక్టరేటు చేసిన నా తెలుగు అక్కడ తడబడింది. చివరికి ‘గాలి’ అన్న ఒక్క మాటతో పని జరిగిపోయింది. తంబాకు దుమ్ముకు రాత్రంతా దగ్గే వాళ్లకు గాలి లెక్క నేను చెప్పాలా?

“ఇడిశిపెట్టినోనికి ఫోటో పంపుడెందుకే?” అంది అమ్మ ముందే.

“పైనున్నోనికి ఏం ఎర్క బిడ్డా, లోపట గాలి ఎంతున్నదో!” అంది పెద్దమ్మ. ఆ చేపను తింటారా అని కూడా అడిగింది. కోస్తాలో బాలింతలకు పాలు పడతాయని పాలసొర వండి పెడతారని చెప్పాను. “మరింక మనమే తింటున్నం గదా దాన్ని” అని నవ్వింది.

సముద్రగర్భం మీద తెలుగులో ‘ఘాజీ’ ఉంది. 1971 డిసెంబరు 3-4 తేదీల మధ్య రాత్రి విశాఖ దగ్గర మునిగిపోయిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ చరిత్రకు కల్పన జోడించి సంకల్ప్ రెడ్డి 2017లోనే తీశాడు. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. బాగా తీశాడు కూడా. అందులో తాప్సీ శరణార్థి. డాక్టరే, కానీ రక్షింపబడ్డాక కథకు ఆమెతో పెద్దగా పని లేదు. ఇరుకు, చీకటి, అయిపోతున్న గాలి - మగవాళ్లకు వస్తే వీరగాథ. ఇద్దరాడవాళ్లకు వస్తే హారర్.

వదిన మాత్రం ఏమీ అనలేదు. ఇంటర్ పాసైంది. కామారెడ్డిలో నర్సింగ్ ట్రైనింగ్‌లో చేరాలని ఆమె కోరిక. ఫీజు గడువు ఆ వచ్చే సోమవారం. సౌదీలో ఉన్న అన్న ప్రతి శుక్రవారం ఫోన్ చేసి, “నేనొచ్చేదాక ఇంట్లనే ఉండు, బయట మంచిగ లేదు” అంటాడు. ఆరేళ్లుగా వస్తూనే ఉన్నాడు. అన్న కూడా చెడ్డవాడేం కాదు. అతని పాస్‌పోర్టు అక్కడ ఇంకొకరి బీరువాలో ఉంది.

కథ చివర లీసా పైకి వచ్చేస్తుంది, పడవ ఎక్కుతుంది. అదంతా ఆ లోతులో నైట్రోజన్ మత్తు పుట్టించిన భ్రమ. ఆమె ఇంకా పంజరంలోనే ఉంటుంది. చెల్లెలు లేదు. తర్వాత మనుషులు దిగి ఆమెను తీసుకుపోతారు.

“పైకొచ్చింది కలేనని ఆమెకు ఎట్ల ఎర్కైంది?” అని అడిగింది వదిన అప్పుడు.

“చేతికి దెబ్బ తగిలి ఉంటది గదా. ఆ రక్తం కింద పడకుండ గాల్లో తేలుతుంటే చూసింది.”

వదిన చుట్టిన బీడీలను కట్టలు కట్టి, లెక్కపెట్టి పక్కన పెట్టింది. “ఫీజుకు ఎనిమిది వందలు తక్కువున్నయి. నీ తాన ఉన్నయా?” అంది.

అమ్మ తల ఎత్తలేదు. చుట్టడం ఆపలేదు.