షెడ్డులో దొరకని మర్జ్

కొన్ని మర్జ్‌లకు హకీమ్ గడప చూడగానే సిగ్గేస్తుంది. పాత కారు కరెంటు జబ్బు ఆ ఖాందాన్‌దే. నడిరోడ్డు మీద జాన్ తీస్తుంది. షెడ్డుకు తీసుకెళ్తే మాత్రం షరీఫ్ బిడ్డలా ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయి గంటసేపు ఆగకుండా తిరుగుతుంది. మెకానిక్ అప్పుడు బండి వైపు కాదు, మన మొహం వైపు చూస్తాడు.

మాది 1998 మోడల్ మారుతీ 800. కార్బురేటర్ బండి. 1983లో రోడ్డెక్కిన ఈ కారు తయారీని కంపెనీ 2014లో ఆపేసింది గానీ, మా గుంటూరు, ప్రకాశం పల్లెల్లో అది ఇంకా తిరుగుతూనే ఉంది. (2022లో జిల్లాలు చీలి చిలకలూరిపేట పల్నాడులోకి వెళ్లింది. మా నోళ్లకు ఇంకా అలవాటు కాలేదు.) ఆ కారు మాకు షౌక్ కాదు, జరూరత్. అమ్మీకి వారానికి రెండుసార్లు గుంటూరులో డయాలసిస్. మార్టూరు నుంచి దాదాపు 60 కిలోమీటర్లు. నాలుగు గంటలు మిషన్ మీద ఉండి దిగిన మనిషికి కూర్చునే తాకత్ కూడా ఉండదు. బస్సులో ఎక్కడ తీసుకురాగలం?

ఏప్రిల్ ఎండలో, అమ్మీని వెనక సీట్లో పడుకోబెట్టుకుని వస్తుంటే యడ్లపాడు దగ్గర ఇంజన్ టప్పున ఆగిపోయింది. దగ్గలేదు, కుదపలేదు. ఎవరో స్విచ్ కట్టేసినట్టు ఆగింది. ఎదురుగా గుంటూరు యార్డుకు మిర్చి బస్తాల లారీలు వరసగా పోతున్నాయి. ఆ ఘాటుకు అమ్మీ దగ్గుతూ లేచి "క్యా హువా బేటా?" అంది. పది నిమిషాలు ఆగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. ఆ నెలలో అలా మూడుసార్లు జరిగింది.

ఒక షెడ్డులో ముందు బ్యాటరీ మార్చారు. తర్వాత కాయిల్, ఆ తర్వాత డిస్ట్రిబ్యూటర్. ప్రతిసారీ "ఇక ఢోకా లేదు సార్" అన్నారు. ప్రతిసారీ నాలుగైదు రోజులు బాగానే నడిచింది. ఈ జబ్బులో పెద్ద ఫరేబ్ అదే. అది తనంతట తను తగ్గుతుంది కాబట్టి, ఏ సామాను మార్చినా దానివల్లే తగ్గిందనిపిస్తుంది. వాళ్లను దొంగలని అనను. తష్ఖీస్ లేకుండా ఇలాజ్ చేశారు, అంతే. జబ్బు పేరు తెలియకుండా మందు రాసే డాక్టర్లు మనుషులకూ ఉన్నారు.

చిలకలూరిపేటలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ గురించి దోస్తు చెప్పాడు. అరవై దాటిన మనిషి. అందరూ ఉస్తాద్ అంటారు, నేనూ అలాగే పిలిచాను. నూర్‌బాషా. వాళ్ల తాతలు ధునకీ భుజాన వేసుకుని ఊరూరా దూది ఏకినవాళ్లు. ఇంట్లో మాట్లాడేది అచ్చ తెలుగు.

ఆయన బానెట్ ఎత్తలేదు. స్టూలు వేసి నన్ను కూర్చోబెట్టి సవాళ్లు మొదలుపెట్టాడు.

"ఆగేముందు ఇంజన్ గుంజుతుందా, ఒక్కసారే పోతుందా?"

"ఒక్కసారే."

"ఆగినప్పుడు మీటర్ బోర్డులో ఎర్ర లైట్లు వెలుగుతున్నాయా? హారన్ మోగుతుందా?"

"రెండూ ఉన్నాయి."

"పొద్దున పూట ఎప్పుడైనా ఆగిందా?"

లేదు. ఎప్పుడూ మధ్యాహ్నమే, అరగంటపైన నడిచాకే. పాతికేళ్లుగా ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అని జనాన్ని అడిగి రాసుకునే పని నాది. ఇంత సాఫ్‌గా అడిగేవాళ్లను అరుదుగా చూశాను. పెట్రోలు అందకపోతే ఇంజన్ గునిసి గునిసి ఆగుతుందట. ఒక్కసారే పోయిందంటే నిప్పురవ్వ పోయినట్టు. లైట్లు, హారన్ ఉన్నాయంటే బ్యాటరీ, ఎర్త్ సలామత్. ఇక మిగిలింది తాళం స్విచ్ నుంచి కాయిల్ దాకా వెళ్లే దారి, కాయిల్ తర్వాతి సామాను.

తర్వాత డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టాడు. గుప్పెడు పత్తి పీచు, పత్తి గింజలు బయటికొచ్చాయి. ధర కోసం ఇంట్లో పత్తి నిలవ పెట్టుకున్న కాలం, కారు ఉండేది ఆ కొట్టం పక్కనే. "ఈ ఎలుకకు దూది ఏకడం మా తాతకన్నా బాగా వచ్చు" అని నవ్వాడు. పీచు వెనక కొరికిన వైరు కూడా కనబడింది. దొరికాడు ముజ్రిమ్ అనుకున్నాన్నేను. ఉస్తాద్ దాన్ని అతికించి, "ఇది వైపర్ వైరు బాబూ. దీనికీ ఇంజన్‌కీ రిష్తా లేదు" అన్నాడు.

అప్పుడు రెండు చిన్న బల్బులు తీశాడు, ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. స్విచ్ నుంచి బయటికొచ్చే వైరుకు ఆకుపచ్చది, కాయిల్ ప్లస్‌కు ఎర్రది కట్టి, రెండింటినీ స్టీరింగ్ పక్కన అతికించాడు. "ఇక తిరగండి. ఆగినప్పుడు తాళం ముట్టుకోకుండా వీటిని చూడండి. రెండూ వెలుగుతుంటే జబ్బు కాయిల్ అవతల. రెండూ ఆరితే స్విచ్‌లో. ఎర్రది ఒక్కటే ఆరితే మధ్య దారిలో." షెడ్డులో దొరకని మర్జ్‌ను రోడ్డు మీదే పట్టే తర్కీబ్ అది. ఖర్చు రెండు బల్బులు, కాస్త వైరు.

మొదటి రోజు ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని గుంటూరు దాకా వెళ్లొచ్చాం. బండి ఆగనే లేదు. ఆగనందుకు బాధపడటం అదే మొదటిసారి. తర్వాతి డయాలసిస్ రోజు తిరిగొస్తుంటే, నేను ముందున్న లారీని చూసుకుంటున్నాను. వెనకనుంచి అమ్మీ గొంతు: "లాల్‌వాలా బుఝ్ గయా." ఇంజన్ ఖామోష్. ఆకుపచ్చది వెలుగుతూనే ఉంది.

ఇక వెతకాల్సింది నాలుగడుగుల వైరు మాత్రమే. ఫ్యూజ్ మంచిదే. డ్యాష్ లోపల, కట్టకు చుట్టిన నల్ల టేపు విప్పితే జిగురు కారిన జాయింటు ఒకటి బయటపడింది. మేం కొనకముందు ఎవరో పాటల డబ్బా పెట్టించి, దానికి కరెంటు ఈ వైరు నుంచే లాగారు. టంకం లేదు, ఊరికే మెలిపెట్టి టేపు చుట్టారు. డబ్బా ఎప్పుడో పోయింది, జాయింటు మిగిలింది. రాగి పోగులు చిలుం పట్టి పచ్చబడ్డాయి. రెండు మూడు మాత్రం ఇంకా అంటుకుని ఉన్నాయి.

మరి మొదటి షెడ్డులో మీటరు పెట్టి చూస్తే 12 వోల్టులు ఎలా చూపించింది? ఉర్దూ మీడియం సైన్సు పుస్తకంలో చదువుకున్న లఫ్జ్ ఒకటి అప్పుడు గుర్తొచ్చింది: ముజాహమత్. తెలుగులో నిరోధం. మీటరు లాగే కరెంటు అతి తక్కువ, దానికి ఒక్క పోగున్నా చాలు. కాయిల్‌కు ఆంపియర్లు కావాలి. ఆ బరువు పడితే సన్నబడ్డ జాయింటు వేడెక్కుతుంది. వేడెక్కితే ముజాహమత్ పెరుగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. పైనుంచి ఏప్రిల్ ఎండ, కింద ఇంజన్ సెగ, రోడ్డు కుదుపు. ఎక్కడో పట్టు వదిలేస్తుంది. పది నిమిషాలు చల్లారితే పోగులు మళ్లీ తగులుకుంటాయి. షెడ్డు నీడలో, కదలని బండిలో అది బయటపడే మౌకా ఎక్కడిది?

ఉస్తాద్ చెడిన ముక్క కోసేసి కొత్త వైరు వేసి టంకం పెట్టాడు. పైన స్లీవ్ తొడిగాడు. మిగతా కట్టంతా వేళ్లతో నొక్కుతూ, నబ్జ్ చూసినట్టు చూసుకుంటూ పోయాడు. ఇంకెక్కడా టేపు జాయింట్లు లేవు. 300 రూపాయలు అడిగాడు. ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు. పాత కాయిల్, డిస్ట్రిబ్యూటర్ డిక్కీలోనే ఉన్నాయని చెబితే, "పారేయకండి, రెండూ మంచివే అయ్యుంటాయి" అన్నాడు.

బల్బులు విప్పబోతుంటే అమ్మీ వద్దంది. ఉస్తాద్ కూడా ఇంకో నెల ఉంచమనే అన్నాడు. ఇప్పుడు జూన్. రెండూ వెలుగుతున్నాయి. గుంటూరు వెళ్లొచ్చేటప్పుడు అమ్మీ పడుకోవడం లేదు. ముందు సీటు పట్టుకుని వాటినే చూస్తూ కూర్చుంటోంది.